రథము నడిపినదెవరు?

దసరా నవరాత్రులలో ఇంద్రకీలాద్రి మెట్ల మీద బారులు తీరి నిలుచున్న జనులలో ఎవరినైనను, అమ్మవారికి కనకదుర్గ యను పేరు ఎట్లు వచ్చినదని అడిగి చూడుడు. ఊరివాడైనచో తప్పక ఒక కథ చెప్పును. చెప్పువాని తొందరను బట్టి అది నాలుగు మాటలలో ముగియవచ్చును. వరుస కదలకున్నచో అరగంట సాగవచ్చును. కథా సారాంశమిది.

పూర్వము బెజవాడలో మాధవవర్మ యను రాజు ఉండెను. ధర్మమునకు ఆయన పెట్టినది పేరు. ఆయన కుమారుడొకనాడు రథమెక్కి పురవీథులలో వేగముగా పోవుచుండగా ఒక పసివాడు చక్రముల క్రింద పడి మరణించెను. ఆ పిల్లవాని తల్లి చింతచిగురు అమ్ముకొని బ్రతుకు పేదరాలు. ఆమె గుండెలు బాదుకొనుచు రాజు సమ్ముఖమునకు వచ్చినది. రాజు విచారణ జరిపి, తప్పు తన కొడుకుదేయని నిశ్చయించి, కన్నబిడ్డకు మరణదండన విధించెను. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దైవము పట్టణము మీద కనకవర్షము కురిపించి, పేదరాలి బిడ్డను, రాజకుమారుని కూడ బ్రతికించెను. ఆ దైవము దుర్గయని కొందరు, మల్లేశ్వరుడని కొందరు చెప్పుదురు. బంగారము కురిసినదన్న విషయములో మాత్రము ఎవ్వరికిని భిన్నాభిప్రాయము లేదు.

మన పాఠశాలలలో ఈ కథ చెప్పునప్పుడు కూడ ఉపాధ్యాయుని కంఠము ఆ బంగారు వాన దగ్గర హెచ్చును. నేనును అట్లే చెప్పెడివాడను. రెండేండ్ల క్రిందట డిగ్రీ రెండవ సంవత్సరపు తరగతిలో, యుద్ధమల్లుని బెజవాడ శాసనమును, అందలి మధ్యాక్కరలను గూర్చి చెప్పుచు, ఇంద్రకీలాద్రి ప్రసక్తి వచ్చినది గదాయని ఈ కథను పాఠములోనికి తెచ్చితిని. వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, రాజకుమారుడు కావాలని చంపలేదు గదండీ, మరి ఆయన్ని చంపడమెందుకండీ?" అని అడిగెను. ప్రశ్న సబబైనదే. నేను సమాధానమును కూర్చుకొనుచుండగనే, కంకిపాడు నుండి బస్సులో వచ్చు ఒక అమ్మాయి, "అసలు రథం తోలింది ఆయనేనాండీ? తోలేవాడు వేరే ఉండడా?" అన్నది. ఇంతలో గంట కొట్టిరి. ఆనాడు ఆ గంటకు నేనెంత కృతజ్ఞుడనో చెప్పజాలను.

ఆ రెండు ప్రశ్నలును నన్ను చాల దినములు విడువలేదు. రెండవది ఎందుకు మరింత బాధించినదో తరువాత చెప్పెదను. ముందు చరిత్ర సంగతి.

మాధవవర్మ కల్పిత నామము కాదు. క్రీస్తు శకము 5, 6 శతాబ్దులలో ఆంధ్రదేశము నేలిన విష్ణుకుండినులలో ఆ పేరు గలవారు ఒకరికంటె ఎక్కువ మంది ఉండిరి. ఈపూరు, పొలమూరు మున్నగు చోట్ల లభించిన రాగిరేకులు వారి వంశమును, దానధర్మములను తెలుపుచున్నవి. వారిలో మిక్కిలి ప్రసిద్ధుడైన మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసినవాడని శాసనములు కీర్తించినవి. విజయనగరపు పూసపాటి ప్రభువులు తమ వంశమును బెజవాడ మాధవవర్మ వరకు చెప్పుకొన్నారు. పై కథ నోటిమాటగ మాత్రమే మిగులక ఇంద్రకీలాద్రి మీద శాసనములోనికి కూడ ఎక్కినది. కాని ఆ శాసనము విష్ణుకుండినుల కాలమునకు ఎన్నో శతాబ్దుల తరువాతిది. కాబట్టి దీనిని న్యాయస్థానపు రికార్డుగ చదువరాదు. ఒక పట్టణము తన న్యాయము ఎట్లుండవలెనని కోరుకొన్నదో దాని జ్ఞాపకముగ చదువవలెను. అట్లు చదివినను అది విచారణకు నిలువవలసినదే. కథయైనంత మాత్రమున ప్రశ్నలు అడుగరాదను నియమము లేదు.

ఇంకొక సంగతి గమనింపదగినది. విష్ణుకుండిన శాసనములలో మాధవవర్మకు ఇచ్చిన విశేషణములలో దివ్యములను గూర్చిన మాట యొకటి కలదు. నేరవిచారణలో నానావిధ దివ్యములను ఆయన ఏర్పరచెనని చరిత్రకారులు దానికి అర్థము చెప్పినారు. దివ్యమనగా సాక్షులు, పత్రములు లేని చోట దైవమును సాక్షిగ పిలుచుట. తుల, అగ్ని, జలము, విషము, కోశము అని యాజ్ఞవల్క్యుడు అయిదింటిని పేర్కొన్నాడు. కాచిన ఇనుమును చేత పట్టుట, నీట మునిగి నిలుచుట మొదలగు పరీక్షలివి. నేడు మనకు అవి క్రూరముగ, అర్థరహితముగ తోచును, తోచవలెను కూడ. అయితే మన కథలో దివ్యమునకు అవసరమే కలుగలేదు. వీథిలో పట్టపగలు జరిగిన పని. బిడ్డ చనిపోయినాడన్నది వివాదము కాదు, ఏ రథము క్రింద పడెనన్నది వివాదము కాదు. తేలవలసినది ఒక్కటే: ఆ మరణము ఎవరి తప్పు, ఆ తప్పు బరువెంత?

ఈ ప్రశ్నకు మన ధర్మశాస్త్రములు సమాధానము చెప్పినవి. బండి ప్రమాదములను గూర్చి మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో తొమ్మిది శ్లోకములున్నవని చెప్పినచో నా విద్యార్థులు నమ్మలేదు. తెరచి చూపవలసి వచ్చినది. ఆ గ్రంథములోని వర్ణభేద దండనీతిని మన రాజ్యాంగము త్రోసివేసినది, అది న్యాయమే. కాని ఈ తొమ్మిది శ్లోకములు మాత్రము ఏ మోటారు వాహనముల ఇన్స్పెక్టరో వ్రాసినట్లుండును. ముక్కుత్రాడు తెగినను, కాడి విరిగినను, బండి ప్రక్కకు జారినను, వెనుకకు నడచినను, ఇరుసు విరిగినను, చక్రము విరిగినను, బిగించిన కట్లు తెగినను, పలుపు తెగినను, పగ్గము తెగినను, తోలువాడు "తప్పుకో, తప్పుకో" అని అరచినను దండన లేదు. ఇవి పది మినహాయింపులు.

ఈ పదవదానిని చదివినప్పుడు నాకు బందరు రోడ్డు గుర్తుకు వచ్చినది. ఏ ప్రమాదము జరిగిన చోట నిలిచి విన్నను మొదట వినబడు మాట "హారన్ కొట్టానండీ" అనునదే. తప్పుకొమ్మని అరచుట నేరమును కడిగివేయునను నమ్మకము ఎంత పాతదో చూడుడు. విని, గ్రహించి, కాలు తీయగల వయసు ఉన్నవానికి ఆ అరుపు ప్రయోజనకారి. చింతచిగురు గంప ప్రక్కన మట్టిలో ఆడుకొను పసివానికి ఏమి ప్రయోజనము?

మినహాయింపులు దాటిన తరువాత బాధ్యత ఎవరిదన్న విచారణ. తోలువాని చేతకానితనము వలన బండి దారి తప్పినచో అట్టివానిని పెట్టుకొన్న యజమానికి రెండువందల పణముల దండుగ. తోలువాడు నేర్పరియైనచో దండన వానికే. నేర్పు లేనివాడని తెలిసియు బండి ఎక్కి కూర్చున్నవారు తలకొక నూరు పణములు చెల్లింపవలెను. దారిలో పశువులో, మరొక రథమో అడ్డమైయుండగ తోలి ప్రాణి హింస చేసినచో శిక్షకు సందేహమే లేదు. మనుష్యుడు చచ్చినచో దొంగతనముతో సమమైన నేరము. ఆవు, ఏనుగు, ఒంటె, గుఱ్ఱము వంటివి చచ్చినచో అందులో సగము. తక్కిన జంతువులకు వాటి వాటి ధరలు. కుక్కకు, పందికి ఒక్క మాషము.

ఇక్కడ వ్యాఖ్యాతలు సూక్ష్మమైన తర్కము చేసినారు. దొంగకు మరణశిక్ష కూడ కలదు గదా, బండి తోలి మనిషిని చంపినవానికి మరణమేనా? కాదని వారి సిద్ధాంతము. పెద్ద జంతువుల విషయములో "సగము" అన్నాడు; మరణమునకు సగమెక్కడిది? కావున ఇది ధనదండమే, ఉత్తమ సాహసమను వేయి పణముల దండుగ యని తేల్చిరి. అర్థశాస్త్రములో కౌటిల్యుడును బండ్ల విషయమై ఇట్టి మినహాయింపులనే చెప్పినాడు. 13వ శతాబ్దిలో కేతన, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. ముక్కుత్రాడు తెగిన బండి యజమానికి దోషము లేదనుట యాజ్ఞవల్క్యుని మాట కూడ. కావున ఈ న్యాయము తెలుగునాటికి తెలియనిది కాదు.

వెనుక బల్ల కుర్రవాని ప్రశ్న ఎంత సమంజసమైనదో ఇప్పుడు తేలినది. శాస్త్రప్రకారము రాజకుమారునికి పడవలసినది వేయి పణముల దండుగ. మాధవవర్మ శాస్త్రమును మీరినాడు. ఏల మీరినాడు?

అదే అధ్యాయములో దీనికి ఒక దారి కనబడుచున్నది. తండ్రి, గురువు, మిత్రుడు, తల్లి, భార్య, కొడుకు, పురోహితుడు, వీరిలో ఎవడైనను తన ధర్మములో నిలువనిచో రాజునకు దండింపరానివాడు లేడని ఒక శ్లోకము. సామాన్యునికి ఒక కార్షాపణము దండుగ పడు చోట రాజునకు వేయి కార్షాపణములు పడవలెనని దాని వెంటనే మరియొక శ్లోకము. సరే, వేయింతలు వేసినామనుకొందము. రాజకుమారుడు ఆ ధనమును ఎక్కడి నుండి తెచ్చును? బొక్కసము నుండి. ఎక్కడ కట్టును? బొక్కసములోనే. ఈ చిక్కు ప్రాచీనులకు తెలియకపోలేదు; రాజు తనకు వేసికొన్న దండుగను నీటిలో వరుణునికి వదలవలెననియో, బ్రాహ్మణులకు ఈయవలెననియో వ్యాఖ్యాతలు సర్దిరి. కృష్ణలో మూట జారవిడిచిన మాత్రమున చింతచిగురమ్మకు ఒరిగినదేమి? ధనము నొప్పించని ఇంటికి ధనదండము శిక్ష కాదు. ఆ ఇంటిలో పోగొట్టుకొన్నచో నొప్పి కలిగించునది ఒక్కటే ఉన్నది, దానినే రాజు త్రాసులో పెట్టెను. నేను కుర్రవానికి చెప్పిన సమాధానమిది.

చెప్పితిని గాని నాకే తృప్తి కలుగలేదు. ఒక తల్లి కడుపుకోతకు మరియొక తల్లి కడుపుకోత మందు కాదు. కథ చెప్పినవారికి కూడ ఇది తెలుసునని నా అనుమానము. రాజకుమారుని చంపి ఊరుకొనుటకు వారికి మనసు ఒప్పలేదు. అందుచేతనే దైవమును దింపి ఇద్దరిని లేవదీసిరి. సింహళ దేశపు కథకు ఈ మెత్తదనము లేదు. మహావంశములో ఏలారుడను చోళరాజు కొడుకు రథము క్రింద ఆవుదూడ చచ్చినది. తల్లి ఆవు వచ్చి రాజద్వారమున కట్టిన గంటను మ్రోగించినది. రాజు ఆ రథచక్రముతోనే కొడుకు తల తీయించెను. అంతే. ఎవరును తిరిగి లేవలేదు. తమిళులు ఇదే కథను తిరువారూరు మనునీతి చోళునికి చెప్పుదురు. సేక్కిళారు పెరియపురాణములో శివుడు ప్రత్యక్షమై దూడను, రాజపుత్రుని, మనసొప్పక ప్రాణము విడిచిన మంత్రిని కూడ బ్రతికించెను. తిరువారూరులో దీనికి గుర్తుగ రాతిరథము కలదు. తమిళ కథకును మన కథకును గల భేదము చిన్నదిగ కనబడును గాని చిన్నది కాదు. అక్కడ ఫిర్యాది ఆవు. గంట కొట్టుట తప్ప మాటాడలేదు. మన బెజవాడ కథలో ఫిర్యాది వీథిలో ఆకుకూర అమ్ము మనిషి. ఆమెకు నోరున్నది. ఐనను ఆమె ఏమి కోరినదో కథ చెప్పదు. రాజకుమారుని ప్రాణమే కోరినదా? ఎవరును ఆమెను అడిగినట్లు లేదు.

ఇక నేటి చట్టము. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, చంపవలెనను తలంపు లేక నిర్లక్ష్యముతో ప్రాణము తీసినవానికి ప్రత్యేకమైన సెక్షను లేకుండెను. 1870లో 304-ఏ అను సెక్షను చేర్చిరి. శిక్ష రెండేండ్లకు మించదు. అప్పటికి మోటారుకారు పుట్టలేదు. కృష్ణ మీద ఆనకట్ట కట్టి పదునైదేండ్లు మాత్రమే అయినది. మనువు వలెనే ఆ చట్టము వ్రాసినవారికిని వీథిలో కనబడినవి ఎడ్లబండ్లు, గుఱ్ఱపుబండ్లు. 1896లో లండనులోని క్రిస్టల్ ప్యాలెసు ఆవరణలో ఒక స్త్రీ మోటారుకారు తగిలి మరణించినప్పుడు, విచారణ జరిపిన జ్యూరీ అది యాదృచ్ఛిక మరణమని తీర్పు చెప్పినది. ఇట్టిది మరల జరుగరాదని విచారణాధికారి ఆశించినాడట. మన దేశములో 2022వ సంవత్సరమందు రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో కాలినడకన పోవువారు 32,825 మంది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షనులో నిర్లక్ష్య మరణమునకు శిక్షను అయిదేండ్ల వరకు పెంచినారు. ప్రమాదము చేసి, తెలుపక పారిపోయినవానికి పదేండ్ల వరకు శిక్షయను ఉపవిభాగము కూడ అందులో వ్రాసిరి గాని, లారీ డ్రైవర్ల ఆందోళన తరువాత, తక్కిన చట్టము అమలైననాడు దానిని ప్రక్కన ఉంచిరి.

వీటన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది మరియొకటి. తోలువాడు బాలుడైనచో బండిలోనున్న యజమానిని దండింపవలెను, బాలుడు తోలు బండిని రాజు స్వాధీనము చేసికొనవలెను అని కౌటిల్యుడు వ్రాసినాడు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు 199-ఏ అను సెక్షను చేర్చిరి. మైనరు బాలుడు వాహనము నడిపి నేరము చేసినచో సంరక్షకునికి లేక యజమానికి మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా. వాహనపు రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ బాలునికి ఇరువది అయిదేండ్లు నిండువరకు లైసెన్సు లేదు. ఇంచుమించు అదే న్యాయము. నడుమ ఎన్ని శతాబ్దులు గడచినవో చూచుకొనుడు.

కంకిపాడు అమ్మాయి ప్రశ్న నన్నేల బాధించినదో ఇప్పుడు చెప్పవలెను.

పాతికేండ్ల క్రిందటి మాట. మాది కాలువ గట్టున ఉన్న ఊరు. మా ఇంటికి మూడిండ్ల అవతలనున్న ఆమెను నేను చిన్ననాటి నుండి పిన్ని యని పిలిచెడివాడను. ఆమె కొడుకు పదవ తరగతి. తెల్లవారుజామున సైకిలు మీద ట్యూషనుకు పోవుచుండగ గట్టు మలుపులో కారొకటి తగిలి, అక్కడికక్కడే పోయినాడు. కారు కలిగిన ఇంటిది. ఆ ఇంటి పదునారేండ్ల పిల్లవాడు నడిపినాడని ఊరంతయు అనుకొన్నది. కాగితముల మీద మాత్రము జీతమునకుండు డ్రైవరు పేరు వచ్చినది. అతడు కాదనలేదు. అతని ఇల్లు గడచునట్లు చూతుమని మాట ఇచ్చినారని తరువాత వింటిని.

పదవ దినము దాటిన తరువాత పెద్దలు కూర్చుండిరి. ఇట్టి నేరము చట్టప్రకారము రాజీకి లొంగునది కాదు. ఐనను సాక్షులు మెత్తబడినచో కేసు తనంతట తానే మెత్తబడునని అందరికిని తెలియును. ఒక మొత్తము నిర్ణయించిరి. పిన్ని ఆ మొత్తము మాట ఎత్తనే లేదు. నావైపు తిరిగి, "ఒరే నాయనా, నువ్వు చదువుకున్నవాడివి. బండి నడిపిందెవరో నాతో చెప్పమనరా. ఆ పిల్లాణ్ణి ఒక్కసారి నా ముందు నిలబెట్టమను. నేనేమీ అనను" అన్నది. ఆ మాటనే మూడుమార్లు అన్నది. పెద్దలు నేలచూపులు చూచిరి. నేనేమంటినో చెప్పుటకు సిగ్గగుచున్నది. "పోయినవాడు తిరిగి రాడు పిన్నీ, సర్దుకో" అంటిని.

అంతటితో పోలేదు. కాగితము నాచేతనే వ్రాయించిరి. తెలుగు మాస్టరును గదా. అప్పటికి ఉద్యోగములో చేరి కొన్ని సంవత్సరములే. పెద్దలు పిలిచి వ్రాయమన్నారన్న గౌరవము కూడ మనసులో లేకపోలేదు. ఆ వాక్యము నాకు ఇప్పటికిని కంఠస్థము. "ప్రమాదవశాత్తు కారు తగిలి మరణించినందున" అని మొదలుపెట్టితిని. వ్యాకరణము చెప్పువానికి ఆ వాక్యములోని నేర్పు తెలియును. తగిలినది కారు. కారు తనంతట తానే కదలివచ్చి తగిలినది. చేసినవాడు వాక్యములో లేడు. కర్తను ఎట్లు దాచవచ్చునో తరగతిలో నేర్పెడివాడను. ఆనాడు ఆచరించి చూపితిని. పిన్ని వ్రేలిముద్ర వేసినది. డబ్బు మూట ఆమె ముందు పెట్టిరి. ఆ ఊరిలో బంగారు వాన అట్లు కురిసినది.

ఆ కేసు అటుపిమ్మట ఏమైనదో అందరును ఊహింపగలరు. పిన్ని ఇంకను ఉన్నది. నేను ఊరికి పోయినప్పుడు మజ్జిగ ఇచ్చి, పిల్లల చదువులు అడుగును. ఆ మాట మాత్రము మరల ఎత్తలేదు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడైనాడు, ఎక్కడనో సుఖముగనే ఉన్నాడని వినికిడి. అతనికి మాత్రము మేలు చేసితిమా యని ఒక్కొక్కప్పుడు అనుకొందును. ఒక మాటు ఆమె ఎదుట నిలిచి తల దించుకొనియుండినచో అతనికి ఏమి పోయెడిది? అట్లు నిలువవలసిన అవసరము లేదని పదునారేండ్లకే మేమందరము కలిసి నేర్పితిమి.

ఇది మనసులో పెట్టుకొని మాధవవర్మ కథను మరల చదివినప్పుడు అందులో నాకు ఇదివరకు కనబడనిదొకటి కనబడినది. ఆ కథలో సారథి లేడు. రాజకుమారుని రథమునకు సారథి దొరకకపోడు. ఒక వేళ రాజకుమారుడే పగ్గములు పట్టినాడనుకొన్నను, సారథి పట్టినాడని చెప్పుట ఎంత పని? శాస్త్రము దారి చూపనే చూపినది: తోలువాడు నేర్పరియైనచో దండన తోలువానికే. ఒక్క మాటతో రాజకుమారుడు రథములో కూర్చున్న ప్రయాణికుడైపోవును. ఏ మంత్రియైనను ఆ సలహా ఈయకుండునా? ఆ సలహాను వినని రాజు ఆయన. విచారణలో మొదటి ప్రశ్నకు, రథము నడిపినదెవరన్న ప్రశ్నకు, నిండు సభలో ఆ తల్లి వినునట్లు నిజము చెప్పించెను. నా కొడుకు, అన్నాడు. తరువాత విధించిన శిక్ష అధికమని ఎవరైనను వాదింపవచ్చును, నేనును వాదింతును. మొదటి జవాబు దగ్గర మాత్రము నాకు తల వంగును.

ఆ సంవత్సరము కళాశాల పరీక్షలో "మాధవవర్మ న్యాయనిరతిని వివరింపుడు" అని పది మార్కుల ప్రశ్న నొకటి ఇచ్చితిని. అరువది పత్రములలో ఇంచుమించు అన్నిటను కనకవర్షము ధారాళముగ కురిసినది. ఒకరు మణులు, మాణిక్యములు కూడ కురిపించిరి. కంకిపాడు అమ్మాయి పత్రములో జవాబు సగము పుటకు మించలేదు. బంగారము ప్రసక్తి అందులో లేదు. రాజు తన సారథి మీదికి నేరమును నెట్టలేదని, ఆ చనిపోయిన పిల్లవాని తల్లికి అది తెలియుట ముఖ్యమని వ్రాసి, క్రింద గీత గీసి, "ఆ సారథికి కూడ ఇంటిదగ్గర పిల్లలు ఉండి ఉంటారు" అని ముగించినది.

ఆ వాక్యము నేను పాఠములో చెప్పినది కాదు. మా ఊరి డ్రైవరును గూర్చి పాతికేండ్లలో ఒక్కనాడును నేనట్లు తలపలేదు. పదికి ఎనిమిది మార్కులు వేసితిని. అక్షరదోషములు రెండు ఉన్నవి.